కుట్టుకి అరంగుళం

విజయనగరం గంటస్తంభం వెనక రెండో సందులో
తవిటమ్మ పిన్ని కుట్టుమిషను పక్క స్టూలు మీద
ఆరు నెలలుగా ఒక 'అ' కూర్చునుంది
కొలతలిద్దామని.

ఫాంటు చేస్తున్నాను పిన్నీ, అన్నాను మొదటిరోజు.
మెడలోంచి టేపు తీసింది.
"ఎవులికి? నడుమెంత?"
అక్షరాలకి, అన్నాను.
కాసేపు నన్నే చూసి
"కాల్లుండవు మరి" అంది.

నిజమే. ఇంగ్లీషువి నిలబడతాయి,
మనవి మఠం వేసుక్కూర్చుంటాయి.
కూర్చున్నవాళ్ళకి బట్ట కుట్టడం వేరే విద్య.
హైదరాబాదునుంచి అడిగినవాళ్ళు
పొడుగ్గా, బక్కగా, ర్యాంపు మీద నడిచేలా కావాలన్నారు.
నిలువునా లాగి చూశాను.
ఉతికి ఉతికి సాగిన బనీనులా అయింది ళ.
ఇంక లాగడం మానేసి
పిన్ని పాత జాకెట్ల నమూనాలు కింద పరుచుకుని
ఖాకీ కాగితం మీద సుద్దముక్కతో మొదలుపెట్టాను.

తలకట్టుని కాలరు మొనలా కోశాను.
ఈ కి బుట్టచేతులు.
కొమ్ముల్ని నాడాలు చేసి పక్కకి వేలాడదీశాను.
ఠ పొట్ట మీద ఒంటి గుండీ ముందునుంచే ఉంది,
కాజా ఏ అక్షరంలో పారేసుకుందో మాత్రం తెలీలేదు.
ట్రంకుపెట్టె అడుగునుంచి ఱ ని తీశాను.
బుట్టచేతులు పోయి ముమ్మారు తిరిగొచ్చాయి,
ఇదొక్కసారీ రాలేదు.
ఎవరూ తొడుక్కోరని తెలిసే
దానికి జరీ అంచు వేశాను.

సన్నరకం గీత కోసం పొందూరు నూలుపోగు ఒకటి
స్కానరు అద్దం మీద పరిచాను.
దుమ్మనుకుని కంప్యూటరు తుడిచేసింది.
మళ్ళీ పరిచాను. మళ్ళీ తుడిచింది.
వాలుగ చేప దవడతో ఎవరో ఏకిన దూది అది,
దుమ్ము కాదని దానికి నచ్చజెప్పడానికి
మూడు రాత్రులు పట్టింది.

ఆ తర్వాత బోర్డు సంగతి వచ్చింది.
పాతది తుప్పుపట్టి 'దుస్తులు'లో దు రాలిపోయింది.
"నీ అచ్చరాలతోనే రాయించీ" అంది పిన్ని.
తవిటమ్మ స్త్రీల దుస్తులు.
తవిటమ్మ బాగానే వచ్చింది.
స్త్రీ దగ్గర చిరిగింది.

పైన గుడిదీర్ఘం, కింద త వత్తు,
ఎడంపక్కనుంచి చుట్టుకొస్తూ క్రావడి,
ముగ్గురూ ఒకే రవికలో దూరినట్టు.
వత్తుని చిన్నది చేస్తే నలుసైంది,
క్రావడిని లాగితే కింది వరసని కొరికింది.
ఇన్ని ఫ్యాషన్లు వేసినదాన్ని
ఆ ఒక్క మాటకి తొడుగు కుట్టలేకపోయాను.

మూరెడు కాగితం మీద అచ్చుతీసి హ్యాంగరుకి తగిలించాను.
పిన్ని పెదాల మధ్య నాలుగు గుండుసూదులు.
బొటనవేలితో వంపు వెంట తడుముకుంటూ పోయి
స మెడ కింద ఆగింది. సూదులు తీసింది.
"సంకలో పట్టీసింది. ఇప్పీ."
అక్షరానికి సంకేటి పిన్నీ?
"సెయ్యెత్తమను, తెలుస్తాది.
ఏ గుడ్డకైనా లోపల అరంగుళం ఒగ్గాల.
ఒల్లు రేపూ ఇలాగే ఉంటాదేటి?"

విప్పాను.
లోపలి తెలుపు కొంచెం పెరిగింది, అంతే.
త వత్తు కిందికి జారి సర్దుక్కూర్చుంది,
క్రావడి పమిటలా వదులుగా పడింది.
ఆరు నెలల్లో నేను గీయకుండా చేసిన పని
అదొక్కటే.

బోర్డు కట్టిన సాయంత్రం
రోడ్డుకి అవతల నించుని, ఆటోలు అడ్డొస్తుంటే మెడ సాచి,
తన మూడో తరగతి చదువుతో
ఒక్కో అక్షరం కూడబలుక్కుంది పిన్ని.
'దుస్తులు' దగ్గర తడబడింది.
స్త్రీ దగ్గర ఆగలేదు.

ఇంకా క్ష్మి మిగిలింది.
ష వత్తు, దాన్ని ఆనుకుని మ వత్తు, నెత్తిన గుడి.
ఆవిడ కొలతల పుస్తకంలో సగం మంది లక్ష్ములే.
ఎప్పుడు చూద్దాం పిన్నీ, అన్నాను.
మిషను ఆపకుండానే అంది,
"రేపు."